కుక్క తోడు మంచిదే, మాత్రలు మానకండి

మొన్న ఓ.పి.లో ఒకాయన అడిగారు: "సిస్టరమ్మా, నాకు గాభరా వస్తే మా కుక్క వచ్చి ఒళ్లో తల పెడుతుంది. దానికి తొమ్మిదేళ్లు. అమెరికాలో ఇలాంటి కుక్కలకు సర్టిఫికెట్ ఇస్తారట కదా, దీనికీ వస్తుందా? అప్పుడు మాత్రలు మానేయొచ్చా?" ఈ జవాబు అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

అమెరికా చట్టం సర్టిఫికెట్ అడగదు, కుక్క చేసే పనిని చూస్తుంది. గాభరా మొదలవగానే పసిగట్టి రోగికి ఆనుకోవడం, మందు వేళ గుర్తుచేయడం, పీడకల నుంచి లేపడం వంటి పని దానికి నేర్పి ఉండాలి. పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందన్నంత మాత్రాన చాలదు. అలాంటి కుక్కలను సేవా కుక్కలుగా ఎక్కించుకోనక్కర లేదని 2021 జనవరి నుంచి అక్కడి విమానాల్లో నిబంధన ఉంది. ఇంటర్నెట్‌లో డబ్బుకు దొరికే సర్టిఫికెట్లకు అక్కడి చట్టంలో విలువ లేదు.

వయసు ఒక్కటే అడ్డం కాదు. కానీ ముసలి కుక్కకు కీళ్ల నొప్పులు వస్తాయి, చూపు, వినికిడి తగ్గుతాయి. ఏదైనా నేర్పే ముందు పశువుల డాక్టరుకు చూపించండి. ఏటా రేబిస్ టీకా వేయించండి.

ఇక మాత్రల సంగతి. డాక్టరు చెప్పకుండా మానితే జబ్బు తిరగబెట్టవచ్చు. మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

కుక్క ఆయుష్షు చిన్నది. అది లేని రోజున కూడా మనిషి నిలబడాలి. అందుకు మందులూ కావాలి, ఇంటివాళ్ల తోడూ కావాలి.