అనుమానం వేరు, రుజువు వేరు: కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు

తెలుగు నవల మీద వ్యాసం వ్రాయమంటే మనమంతా రాజశేఖర చరిత్రతో మొదలుపెట్టి, మాలపల్లి, వేయిపడగలు, చివరకు మిగిలేది, అల్పజీవి మీదుగా నడిచి ఆగిపోతాం. పరీక్షలకు అది చాలు. కాని రైలు పెట్టెల్లోను, బస్టాండు బల్లల మీదను కూర్చుని, రాత్రిపూట పాఠ్యపుస్తకం మధ్యలో దాచిపెట్టి జనం చదువుకున్న నవలలు వేరే ఉన్నాయి. అద్దె పుస్తకాల దుకాణాల్లో అట్టలు చిరిగి, మొదటి పేజీలు ఊడిపోయి, చేతులు మారి మారి నలిగిపోయిన నవలలవి. వాటిని వ్రాసిన వారిలో ముందు వరసన నిలిచే పేరు కొమ్మూరి సాంబశివరావు.

ఆయన గురించి కళాశాల సంచికలో వ్యాసం ఎందుకని పెద్దలు అడగవచ్చు. సాహిత్య చరిత్రలో ఆయనకు కుర్చీ వేయించాలన్న పట్టుదల నాకు లేదు. ఆయన నవలల్లో విద్యార్థికి పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. అది మన ఊళ్ళకు ఈనాటికీ అవసరమే. ఆ పాఠమేమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రచయిత, వంశం

కొమ్మూరి సాంబశివరావు 1926లో పుట్టి 1994లో కన్నుమూశారు. రచనా జీవితంలో ఎక్కువ భాగం మద్రాసుతో ముడిపడినది. ఇంటిపేరు చూసి సాహిత్య విద్యార్థులు పోల్చుకునే ఉంటారు. మైదానం వ్రాసిన చలం పుట్టినది కొమ్మూరివారి ఇంట్లోనే. తాతగారికి దత్తు వెళ్ళడం వల్ల గుడిపాటి వెంకటచలం అయ్యారు. చలం తమ్ముని కుమారుడే మన డిటెక్టివ్ నవలా రచయిత. తల్లి కొమ్మూరి పద్మావతీదేవి నటి, రచయిత్రి కూడా. చలంగారి తండ్రి పేరూ కొమ్మూరి సాంబశివరావే. తాత పేరు మనుమడికి పెట్టారన్నమాట. ఒకే కుటుంబంలో పెదనాన్న సంఘం కట్టుబాట్లను నిలదీస్తే, కొడుకు హంతకులను నిలదీశాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్న ఆయుధం ప్రశ్నే.

ఆయనకు ముందు

ఈ రకం కథకు తొలి రూపం ఇచ్చినవాడు అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో. 1841లో వెలువడిన ఆయన కథలో డ్యూపిన్ అనే మనిషి ఆలోచనతో చిక్కుముడి విప్పుతాడు. 1887లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ని ప్రవేశపెట్టాడు. 1920లో అగాథా క్రిస్టీ మొదటి నవల వచ్చింది. మన దేశంలో వంగభాష ముందడుగు వేసింది. శరదిందు బందోపాధ్యాయ 1932లో బ్యోమకేశ్ బక్షీని సృష్టించారు. 1965లో సత్యజిత్ రాయ్ ఫెలూదాను తెచ్చారు. తెలుగులో దేవరాజు వేంకటకృష్ణారావు వ్రాసిన 'వాడే వీడు' ఈ దారిలో తొలినాటి నవలల్లో ఒకటి. పండితుడు, కవి అయిన ఆరుద్ర సైతం 'పలకల వెండిగ్లాసు', 'ఆనకట్టమీద హత్య' వంటి నవలలు సరదాగా వ్రాశారు. కనుక ఈ ప్రక్రియ అంటరానిదేమీ కాదు. అయితే దీన్నే జీవితకాలపు వృత్తిగా పెట్టుకుని, ఒకే పరిశోధకుణ్ణి నవల తర్వాత నవలలో నడిపించి, ఆ పేరు తెలుగు ఇళ్ళలో నానేటట్టు చేసినవారు కొమ్మూరి. ఉరితాడు, చీకటికి వేయి కళ్ళు, లక్షాధికారి హత్య, ప్రమీలాదేవి హత్య, చావుకేక: ఇలా సాగుతుంది ఆయన నవలల జాబితా.

యుగంధర్, రాజు, స్వరాజ్యరావు

కొమ్మూరి కథానాయకుడు డిటెక్టివ్ యుగంధర్. ఆ పేరు తెలుగువారికి కొత్తది కాదు. వేదం వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయం నాటకంలో, ఢిల్లీలో చెరపడిన రాజును పిచ్చివాడి వేషం వేసుకుని విడిపించుకొచ్చిన మంత్రి యుగంధరుడే. ఇంకా వెనక్కి వెళితే భాసుని నాటకంలోని యౌగంధరాయణుడున్నాడు. బుద్ధిబలానికి ఆ పేరు మనవారికి గుర్తు. కోటు తొడుక్కుని మద్రాసు వీధుల్లో తిరిగే పరిశోధకుడికి ఆ పేరుండడంవల్ల, విదేశీ సరుకులా తోచవలసిన పాత్ర మనవాడైపోయాడు.

ఆయన పక్కన సహాయకుడు రాజు ఉంటాడు. అధికారం తరఫున ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఉంటాడు. ఈ ముగ్గురినీ కొంచెం పరిశీలించి చూడండి. రాజు కుర్రవాడు, చురుకైనవాడు, మనం అడగాలనుకున్న ప్రశ్న మన బదులు అడిగేవాడు. అంటే అతడు పాఠకుడి ప్రతినిధి. స్వరాజ్యరావు లేకపోతే కథ ముగియదు. ఎందుకంటే మన దేశంలో ప్రైవేటు డిటెక్టివుకు ప్రత్యేకమైన పోలీసు అధికారమేదీ లేదు. ఒక ఇల్లు సోదా చేయాలన్నా, మనిషిని స్టేషనుకు తేవాలన్నా ఖాకీ దుస్తులు కావాలి. బుద్ధి ఒకరి దగ్గర, అధికారం మరొకరి దగ్గర. ఆ రెండూ స్నేహంగా పనిచేస్తే న్యాయం జరుగుతుందన్నది స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోని నమ్మకం. ఇన్‌స్పెక్టరు పేరులోనే స్వరాజ్యం ఉండటం ఆ నమ్మకానికి సరిగ్గా అతికింది.

ఆటకు నియమాలు

సంప్రదాయ డిటెక్టివ్ నవల రచయితకూ పాఠకుడికీ మధ్య ఆట. ఆటకు నియమాలుండాలి కదా! 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత పది నియమాలు ప్రకటించాడు. మనకు ముఖ్యమైనవి మూడు. నేరస్థుడు కథలో ముందుగానే కనిపించి ఉండాలి. పరిశోధకుడికి దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికీ చూపించాలి. దయ్యాలు, మంత్రాలు, దైవలీలలు పరిష్కారంలోకి రాకూడదు.

మూడో నియమం విలువ మనదేశంలో మరీ ఎక్కువ. యుగంధర్ తరహా నవలలో అర్ధరాత్రి కేక వినిపిస్తుంది. పాడుబడిన బంగళాలో దీపం కదులుతుంది. చదివేవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. కాని ఆఖరి ప్రకరణంలో అన్నిటికీ మనిషే కారణం. ఆ మనిషికి డబ్బు కావాలి, లేదా పగ తీర్చుకోవాలి, లేదా పాత తప్పు కప్పిపుచ్చుకోవాలి. భయం మొదటి పేజీల్లో ఉంటుంది, వివరణ చివరి పేజీల్లో ఉంటుంది. ఈ వరస వందసార్లు చదివిన కుర్రవాడికి తెలియకుండానే ఒక అలవాటు పడుతుంది. చీకట్లో చప్పుడైతే తాయెత్తు కోసం కాక టార్చిలైటు కోసం వెతుక్కుంటాడు.

భాష

వాడుక భాష ఉద్యమానికి నాయకుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టినది మనకు పొరుగునే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. జనం మాట్లాడే భాషలో పుస్తకాలుండాలని ఆయన పోరాడారు. ఆ పోరాటం గెలిచిందనడానికి మనం కన్యాశుల్కాన్ని సాక్ష్యంగా పిలుస్తాం. మంచిదే. కాని అక్షరాలు కూడబలుక్కుని చదివే స్థాయినుంచి నవల ఏకబిగిని పూర్తిచేసే స్థాయికి ఎందరినో తీసుకొచ్చింది ఈ పాకెట్ పుస్తకాలే. చిన్న వాక్యాలు, వెంట వెంటనే సంభాషణలు, ప్రకరణం చివర ఒక ఉలికిపాటు. పద్యం మొహం చూడని వారు కూడా "ఆ తర్వాతేటయింది?" అని పేజీ తిప్పారు. పంతులుగారి కోరిక తీరిన దారుల్లో ఇదీ ఒకటి.

నవల, న్యాయస్థానం

ఇక అసలు పాఠం. డిటెక్టివ్ నవలలో తరచు కనిపించే ముగింపు మీకు తెలుసు. అనుమానితులనందరినీ ఒక గదిలో కూర్చోబెడతారు. పరిశోధకుడు ఒక్కొక్క ముడీ విప్పుతాడు. నేరస్థుడు "అవును, నేనే చేశాను" అని అరుస్తాడు. చప్పట్లు!

అయితే న్యాయశాస్త్రం చదివేవారు ఇక్కడ ఆగాలి. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ సూత్రం కొనసాగింది. నిర్బంధంలో ఉన్న నిందితుడి మాట ఆధారంగా ఒక వస్తువు బయటపడితే, దానికి సంబంధించినంతవరకే ఆ మాటకు విలువ. కారణం తేలికే: కొడితే ఎవడైనా ఒప్పుకుంటాడు. కనుక స్వరాజ్యరావు ముందు హంతకుడు ఎంత అరిచినా కోర్టులో కేసు నిలవాలంటే యుగంధర్ అంతకుముందు సేకరించిన వస్తువులు, వేలిముద్రలు, కాలం లెక్కలే దిక్కు. ఆ వేలిముద్రల శాస్త్రానికి ప్రపంచంలోనే తొలి బ్యూరో 1897లో మన కలకత్తాలో ఏర్పడింది. అందులో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే భారతీయుల కృషి ఉంది.

కంటితో చూసిన సాక్షి లేనప్పుడు ఏం చేయాలి? 1984లో శరద్ బిర్దీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలు చెప్పింది. వాటి సారాంశం ఇది. ఒక్కొక్క సంగతీ పూర్తిగా రుజువు కావాలి. అన్నీ కలిసి తెగని గొలుసు కావాలి. ఆ గొలుసు నిందితుడి వైపే చూపాలి, మరొక వివరణకు చోటివ్వకూడదు. "చేసి ఉండవచ్చు" చాలదు, "చేసి తీరాలి" అనిపించాలి. మంచి డిటెక్టివ్ నవల ఆఖరి ప్రకరణం చేసే పని సరిగ్గా ఇదే. మొదటి యాభై పేజీల్లో మనం అనుమానించినవాడు చివరకు నిర్దోషిగా తేలతాడు. మొహం చూసి, కులం చూసి, కట్టుబట్ట చూసి చేసిన అనుమానం తప్పవుతుంది. ఆ సిగ్గు పాఠకుడికి మేలు చేస్తుంది.

లోపాలు

గుణాలు చెప్పి లోపాలు దాచడం విమర్శ కాదు. ఈ నవలల లోకం చాలావరకు బంగళాల లోకం. లక్షాధికారి చనిపోతే కథ ఉంది. అతని తోటమాలి చనిపోతే కథ లేదు. పోలీసు నిజాయితీపరుడు, కోర్టు చివరి పేజీకి అవతల ఎక్కడో ఉంటుంది. శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో ప్లీడరీ చేసిన రావిశాస్త్రిగారి ఆరు సారా కథలు దీని పక్కన పెట్టుకుని చదవండి. సాక్ష్యం ఎలా పుడుతుందో, ఎలా అమ్ముడుపోతుందో, పేదవాడు చట్టం చేతిలో ఎలా నలుగుతాడో అక్కడ కనిపిస్తుంది. రుజువు ఎలా ఉండాలో కొమ్మూరి చెబుతారు. ఎలా ఉంటుందో రావిశాస్త్రి చెబుతారు. విద్యార్థికి ఇద్దరూ కావాలి.

ఆ తర్వాత

1970 దశకంలో మధుబాబుగారి షాడో సాహసాలు కుర్రకారును పట్టుకున్నాయి. ఆలోచన తగ్గి పరుగు పెరిగింది. 1980 దశకం మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం చేతబడి ఇతివృత్తంతో విపరీతమైన పాఠకాదరణ పొందింది. దాని వెనక క్షుద్ర నవలల వెల్లువే వచ్చింది. మల్లాది వెంకటకృష్ణమూర్తి చంటబ్బాయ్ నవలను 1986లో జంధ్యాల సినిమాగా తీసేసరికి డిటెక్టివ్ మనల్ని నవ్వించే పాత్ర అయ్యాడు. నవ్వుకు నేను వ్యతిరేకిని కాను. కాని నాక్స్ గీసిన గీత చెరిగిపోయింది. చివరి పేజీలో వివరణ ఉండాలన్న కట్టుబాటు పోయింది.

ఇది సాహిత్యానికి మాత్రమే సంబంధించిన నష్టమైతే ఇంత వ్రాయనక్కరలేదు. మన ఉత్తరాంధ్రలో 'చిల్లంగి' అన్న మాట ఎంత భయంకరమైనదో మీకు తెలుసు. ఒక ఇంట్లో పిల్లకు జ్వరం వస్తుంది, తగ్గదు. ఎవరో ఒంటరి ముసలమ్మ పేరు గాలిలోకి వస్తుంది. "ఆవిడే సేసిందంట." ఆ "అంట" అన్న రెండక్షరాల మీద మనుషుల్ని కొట్టారు, ఊరినుంచి వెళ్ళగొట్టారు, ప్రాణాలు కూడా తీశారు. అక్కడ నిలబడి "ఎవరు చూశారు? ఎప్పుడు? డాక్టరుకు చూపించారా? మరో కారణం ఉండవచ్చా?" అని అడిగేవాడు ఒక్కడుంటే చాలు. ఆ నాలుగు ప్రశ్నలూ యుగంధర్ ప్రశ్నలే.

మనం చేయవలసినది

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం స్థాపించి తెలుగు కథకు ఇల్లు కట్టారు. డిటెక్టివ్ నవలకు అలాంటి ఇల్లు లేదు. కొమ్మూరి నవలల్లో కొన్ని మళ్ళీ అచ్చయ్యాయి. మిగిలినవి పాత పెట్టెల్లో చెదలు పడుతున్నాయి. నరసన్నపేటలోగాని, చుట్టుపక్కల మీ ఊళ్ళలోగాని, తాతగారి అటకమీద అటువంటిది కనిపిస్తే పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. కళాశాల గ్రంథాలయానికి ఇవ్వండి.

దొరికిన నవలను ఒక పద్ధతిలో చదవండి. మూడు వంతులు చదివి ఆపండి. కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి: పేరు, ఉద్దేశం, అవకాశం, రుజువు. ప్రతి అనుమానితుడికీ నాలుగూ నింపండి. మొదటి మూడు గళ్ళూ తేలిగ్గా నిండుతాయి. నాలుగోది ఖాళీగా ఉంటే ఆ మనిషిని నేరస్థుడనే హక్కు మీకు లేదు. పుస్తకం మూసిన తర్వాత కూడా ఆ నాలుగో గడిని మరిచిపోకండి. పట్టా పుచ్చుకుని ఊరికి వెళ్ళినప్పుడు రచ్చబండ దగ్గర, సంతలో, పంచాయతీలో దాని అవసరం ఎన్నోసార్లు వస్తుంది.