ఒకే కప్పు క్రింద నుండుట చాలునా?

ఆరోగ్యమనగానే ఆహారము, ఔషధము, వ్యాయామము స్ఫురించును. మానవ సంబంధములును ఆయుర్దాయముతో ముడివడి యున్నవని పరిశోధనలు తెలుపుచున్నవి. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు జూలియాన్ హోల్ట్-లున్‌స్టాడ్, సహ పరిశోధకులు 2010లో 148 అధ్యయనముల ఫలితములను క్రోడీకరించిరి. వానియందు పరిశీలింపబడినవారు 3,08,849 మంది. పరిశీలనాకాలము సగటున ఏడున్నర సంవత్సరములు. గట్టి సంబంధములు గలవారు ఆ కాలమున జీవించి యుండు అవకాశము 50 శాతము అధికమని తేలెను.

ఇందు గమనింపదగిన అంశము మరియొకటి కలదు. ఇతరులతో కలిసి ఒకే యింట నివసించుటను మాత్రమే లెక్కించినపుడు ఈ భేదము స్వల్పముగ నుండెను. బంధుమిత్రులతో రాకపోకలు, పదిమందితో కలయిక మొదలగువానిని చేర్చి చూచినపుడు అది మిక్కిలి హెచ్చెను.

పలుకరింపు ఔషధమునకు బదులు కాదు. కాని వృద్ధులకు వేళకు అన్నము పెట్టియు, ప్రక్కన కూర్చుండి మాటాడనిచో ఆ సేవ సగమే యగును.