పాత ఆవిరి ఇంజనుకు పునర్జీవనం

ధూమశకటమని పండితులు, పొగబండి అని పల్లె ప్రజలు పిలుచుకున్న వాహనాన్ని నేటి విద్యార్థులు చలనచిత్రాలలో తప్ప చూచి ఉండరు. మన రామన్నపేట స్టేషనులో ఆగే బండికి పొగ లేదు. కాని పూర్వపు నల్లగొండ జిల్లాలోని భువనగిరి, ఆలేరు మీదుగా పోయే నిజాం రైలుమార్గం దశాబ్దాల పాటు ఆవిరి బలంతోనే నడిచింది. 1874లో సికింద్రాబాదు–వాడి మార్గంతో మొదలై, 1889 నాటికి అది బెజవాడకు చేరింది. ఆ కాలంలోనే ఇల్లెందులో బొగ్గు తవ్వకం ఆరంభమైంది. బొగ్గు ఇంజనును నడిపింది. ఇంజను బొగ్గును మోసింది.

దేశంలో బ్రాడ్ గేజిపై ఆవిరి బండ్ల నిత్య సేవ 1995తో ముగిసింది. అనేక ఇంజన్లు తుక్కు కింద పోయాయి. మిగిలిన వాటిని వెదకి మళ్ళీ నడిపించదలచిన వారికి మొదటి పని గుర్తుపట్టడం. స్వాతంత్ర్యం నాటి నమూనాలకు పెట్టిన పేర్లలో డబ్ల్యు బ్రాడ్ గేజిని, వై మీటరు గేజిని తెలుపుతాయి. పి ప్రయాణికుల బండికి, జి గూడ్సుకు గుర్తు. ఇంజను పక్కన బిగించిన లోహఫలకం మీద తయారీదారు పేరు, వరుస సంఖ్య, సంవత్సరం ఉంటాయి. ప్రదర్శనకు నిలిపిన చోట రంగుపై రంగు పూసి ఆ అక్షరాలనే పూడ్చివేయడం మనవారి అలవాటు!

ఇక మరమ్మతు. ఇంజనుకు గుండె బాయిలరు. కొలిమిలోని వేడి వాయువులు నీటి నడుమ అమర్చిన గొట్టాల గుండా పోతూ నీటిని ఆవిరిగా మారుస్తాయి. ఆ ఆవిరి సిలిండరులో ముషలకాన్ని నెట్టి, పని ముగించుకొని పొగగొట్టం గుండా బయటికి పోతూ నిప్పులోకి గాలిని లాగుతుంది. ఇంజను ఎంత శ్రమిస్తే నిప్పు అంత రాజుకుంటుంది. మనం విన్న ఆ ఛుక్ ఛుక్ చప్పుడు ఇంజను ఊపిరే. అరిగిన బాయిలరు పగిలితే ప్రాణహాని కనుక, పాతదాని స్థానంలో కొత్తది అమర్చక తప్పని సందర్భాలుంటాయి. అప్పుడది పాత ఇంజనేనా అని వాదించేవారున్నారు. చట్రం, చక్రాలు, కదలికల అమరిక పాతవైనంతవరకు అది పాతదేనని నా అభిప్రాయం. ఒత్తిడిలేని బాయిలరుతో దిమ్మెపై నిలిచిన ఇంజను బొమ్మ మాత్రమే.

1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ 1909లో విశ్రాంతి పొందింది. 88 సంవత్సరాల తరువాత 1997లో తిరిగి ప్రయాణికులను మోసింది.

అంతకన్న బోధప్రదమైనది నీలగిరి కొండ రైలు. పన్నెండు అడుగుల దూరానికి సుమారు ఒక అడుగు ఎత్తు ఎక్కే ఆ దారిలో పండ్ల పట్టాను పట్టుకొని పాకే ఎక్స్ తరగతి ఇంజన్లు స్విట్జర్లాండు నుండి వచ్చాయి. వాటిలో కొన్నిటిని బొగ్గు నుండి నూనెకు మార్చారు. రూపం మారలేదు, నిప్పు మాత్రం మారింది. తిరుచిరాపల్లి సమీపాన పొన్మలై కర్మాగారం 2011 మొదలు అదే తరగతికి చెందిన నూనె ఇంజన్లను కొత్తగా నిర్మించి, 2021లో బొగ్గు ఇంజనును కూడ పంపింది. చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లోనే ఆగిపోయిందన్నది గుర్తుంచుకుంటే ఇది ఎంతటి పనియో తెలుస్తుంది. ఎలా సాధ్యమైంది? కొండ మీద ఆవిరి బండి ఆగలేదు కనుక దానిని బాగుచేసే చేతులకు పని తప్పలేదు. నకళ్ళు కాగితం మీద నిలుస్తాయి. ఏ శబ్దానికి ఏ మర బిగించాలో పనివాని చెవికే తెలుస్తుంది.

నిజాం రైల్వే 1893లో నెలకొల్పిన లాలాగూడ కర్మాగారం నేడు బోగీలను బాగుచేస్తున్నది. లోకోషెడ్లలో నిప్పు వేసినవారు, బాయిలరు కడిగినవారు వృద్ధులయ్యారు. మీ ఇళ్ళలో అటువంటి తాతలు, నానాలు ఉంటే ఈ సెలవుల్లో వారి దగ్గర కూర్చొని తెలుగులోనో, ఉర్దూలోనో వారన్నది అన్నట్టుగానే వ్రాసుకోండి. ఉదయం నిప్పు అంటించిన తరువాత ఆవిరి కట్టడానికి ఎన్ని గంటలు పట్టేదో ముందు అడగండి. ఏ పనిముట్టును ఏ పేరుతో పిలిచేవారో ఆ తరువాత అడగండి.