ఆహారము, వ్యాధి, స్వభావము — శాకాహార కుటుంబములు తెలిసికొనవలసిన ఒక విషయము

ఒక మనిషి కోపమునకో, మతిమరుపునకో, దిగులునకో కారణము వెదకునప్పుడు మనము సాధారణముగా మూడు మాటలు చెప్పుదుము: వాని స్వభావమట్టిది; వయసు మీరినది; కర్మోదయము. ఈ మూడింటిలోను సత్యము లేకపోలేదు. కాని నాలుగవ కారణము మరియొకటి కలదు. అది మన వంటయింటిలో నుండవచ్చును. దానిని వెదకక ముందే మనిషిపై తీర్పు చెప్పుట అన్యాయము.

మా దగ్గర బంధువులలో ఒక పెద్దాయన కలరు. ఆయనది బట్టల వ్యాపారము. కన్ను మూసికొని రెండు వ్రేళ్లతో నలిపి చూచి గుడ్డ నేత ఎట్టిదో చెప్పగలవారు. అరువదవ యేట ఆ వ్రేళ్లకు స్పర్శ తగ్గినది. అరికాళ్లలో చీమలు ప్రాకినట్లుండెడిది. చీకటిలో నడిచినప్పుడు తూలెడివారు. తరువాత లెక్కలు తప్పసాగినవి. తప్పు తనదని తోచక, ఇరువది యేండ్లు నమ్మకముగా పనిచేసిన గుమాస్తాను దొంగయని నలుగురిలో అనిరి. ఆ గుమాస్తా కన్నీళ్లతో కొట్టు దిగిపోయెను. ఇంటివారు “తండ్రిగారికి వయసు వచ్చినది” అని ఊరకుండిరి. రెండేండ్లు గడచిన పిమ్మట ఒక డాక్టరు రక్తము పరీక్ష చేయించి, బి12 విటమిను మిక్కిలి తక్కువగా నున్నదని చెప్పి, సూదిమందు మొదలుపెట్టిరి. కొన్ని నెలలలో అనుమానము పోయినది, మతి కుదుటపడినది. కాని పాదముల తిమ్మిరి పూర్తిగా పోలేదు. వ్రేళ్లకు పూర్వపు నేర్పు తిరిగి రాలేదు. ఆ యేడు సంవత్సరీనాడు ఆయన గుమాస్తా ఇంటికి స్వయముగా వెళ్లి “మిచ్ఛామి దుక్కడం” అని చేతులు జోడించిరి.

ఈ జబ్బు క్రొత్తది కాదు. రక్తము క్షీణించి, నాలుక పుండై, కాళ్లు చచ్చుబడి, మతి చెదరి మరణించు ఒక వ్యాధిని పాశ్చాత్య వైద్యులు 19వ శతాబ్దిలోనే వర్ణించిరి. దానికి మందు లేకుండెను. 1926లో అమెరికాలో మైనాట్, మర్ఫీ అను వైద్యులు పశువుల కాలేయము తినిపించినచో రోగులు బ్రతుకుచున్నారని చూపిరి. విపుల్ అను శాస్త్రజ్ఞునితో కలిపి వారికి 1934లో నోబెలు బహుమానము లభించినది. కాలేయములోని ఆ పదార్థమేదో వెదకుటకు అనేకులు పూనుకొనిరి. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు వారిలో నొకరు. 1945లో వారి బృందము అమెరికాలో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది రక్తహీనతను పోగొట్టినది గాని నరముల జబ్బును ఆపలేకపోయినది. నరములను కాపాడు పదార్థము వేరొకటి. దానిని 1948లో అమెరికా, ఇంగ్లండు దేశములలో వేరుచేసి బి12 అనిరి. సుబ్బారావుగారు మరణించినదియు ఆ యేడే. దాని అణునిర్మాణమును 1956లో వెల్లడించిన డొరొతీ హాడ్జ్‌కిన్ అను విదుషీమణికి 1964లో నోబెలు బహుమానమిచ్చిరి.

ఈ చరిత్రలో మనకు పనికివచ్చు పాఠము రెండు విధములు. మన భోజనములో పప్పులు, ఆకుకూరలు సమృద్ధిగా నుండును. వాటి నుండి ఫోలిక్ జాతి విటమిను చాలినంత దొరకును. కనుక బి12 లోపించినను రక్తము కొంతకాలము బాగుగనే కనిపించవచ్చును. ముఖము పాలిపోదు, నరములు మాత్రము లోలోపల చెడుచుండును. ఇది మొదటి పాఠము.

రెండవది మన ధర్మమునకు సంబంధించినది. కాలేయములో బి12 ఉన్నదనగానే మాంసము తినక తప్పదని వాదించువారు కలరు. అది పొరపాటు. ఈ విటమినును ఏ జంతువు గాని, ఏ మొక్క గాని తయారుచేయదు. సూక్ష్మజీవులు మాత్రమే చేయును. ఆవు గేదెల కడుపులోని సూక్ష్మజీవులు చేసినది వాటి మాంసములోను, పాలలోను చేరును. నేడు అంగళ్లలో అమ్ము మాత్రలలోని బి12 కూడ పెద్ద తొట్లలో సూక్ష్మజీవులను పులియబెట్టి తీసినదే. దానికి పశువధతో పని లేదు.

మద్యమాంసములు లేని వైద్యము మన పూర్వులకు క్రొత్త కాదు. 9వ శతాబ్దివాడగు ఉగ్రాదిత్యాచార్యుడు సంస్కృతమున రచించిన “కల్యాణకారకము” మద్యము, మాంసము, తేనె లేని చికిత్సలు చెప్పు జైన వైద్యగ్రంథము. అది రచింపబడిన రామగిరి నేటి విజయనగరము జిల్లాలోని రామతీర్థమని కొందరు పండితుల అభిప్రాయము. వ్రతమును విడువక వైద్యమును సాధించుట ఆయన మార్గము. మనకు నదియే మార్గము.

పెద్దవానికి దినమునకు రెండు, రెండున్నర మైక్రోగ్రాముల బి12 చాలును. పెద్ద గ్లాసెడు పాలలో ఇంచుమించు ఒక మైక్రోగ్రాము ఉండును. కావున దినమునకు రెండు మూడు గ్లాసుల పాలు, లేక దానికి సరియగు పెరుగు, పనీరు తీసికొనువానికి లోటు రాకూడదు. కాని లెక్కలో నేర్పరులమగు మనము ఈ లెక్క వేయము. టీలో వేసిన నాలుగు చెంచాల పాలను పాలని తలతుము; నీళ్ల మజ్జిగను పెరుగని తలతుము. నేతిలో ఈ విటమిను లేదు. ఇడ్లీ, దోసె పిండి పులిసినంత మాత్రమున అది నమ్మదగినంత రాదు. స్పిరులినా అను నాచులో కనిపించునది మన దేహమునకు పనికిరాని రూపము.

ఇండ్లలో మరియొక ఆచారము కలదు. పాలు ముందు పిల్లలకు, తరువాత మగవారికి; కోడలికి మిగిలినచో. ఆ కోడలు గర్భవతియైనప్పుడు ఆ లోపము శిశువునకు సంక్రమించును. ఆమె పాలలోను బి12 తక్కువే. అట్టి శిశువు కొన్ని నెలలు బాగుగనే యుండి, ఏడాది నిండునప్పటికి నవ్వు మాని, కూర్చుండుట మరచి, చేతులు తల వణకుచు, ఒడలు నల్లబడి పోవుట మన దేశపు శిశువైద్యులు ఎరిగిన జబ్బే. పైపాలు మొదలుపెట్టక, తల్లిపాలే ఇచ్చుచున్న శాకాహార కుటుంబములలో అది ఎక్కువ. దానిని దృష్టిదోషమని కాలము గడపినచో బిడ్డ బుద్ధి వికాసమునకే హాని.

తపస్సు దీనికి కారణమా అని కొందరు అడుగుదురు. ఆరోగ్యవంతుని కాలేయములో ఈ విటమిను కొన్ని యేండ్లకు సరిపడ నిలువయుండును. ఎనిమిది దినముల అట్ఠాయి వలనగాని, తొమ్మిది దినముల ఆయంబిల్ ఓలి వలనగాని అది తరిగిపోదు. నిలువ ముందే అడుగంటినవారు వర్షీతపము వంటి దీర్ఘ తపస్సు పూనినప్పుడు మాత్రము జాగ్రత్త వలయును. పూనుటకు ముందే రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడుగక ఉపవాసము పట్టరాదు.

వయసు మళ్లినవారికి జీర్ణరసము తగ్గి, తిన్న బి12 ఒంటబట్టదు. మధుమేహమునకు మెట్ఫార్మిన్, కడుపు మంటకు ఆమ్లము తగ్గించు మాత్రలు ఏండ్ల తరబడి వాడువారికిని ఇట్లే. వ్యాపారస్థులలో ఈ రెండు మందులు వాడని ఇల్లు అరుదు. పాడిపశువులపై హింస సహింపలేక పాలను కూడ విడిచిన మన యువకుల కరుణ కొనియాడదగినదే. కాని వారికి బి12 మాత్ర తప్పనిసరి. గుళిక కొనునప్పుడు దాని తొడుగు జెలటినుతో చేసినదా అని చూచుకొనవలెను. జెలటిను జంతువుల ఎముకలు, చర్మముల నుండి తీయునది. మాత్ర, సూదిమందు, మోతాదు, ఇవి వైద్యుడు నిర్ణయింపవలసినవి.

మన ఇంటిలో ఒకరు అకారణముగా కోపించినను, అనుమానించినను, మాట మరచినను, వారిని నిందించుటకు ముందు వారి పళ్లెరమును, పాదములను, రక్తమును పరీక్షింపుడు. ప్రతి కోపమునకును ఇదే కారణమని నేననను. కాని చవుక పరీక్షతో తెలియు జబ్బును స్వభావమని పేరుపెట్టి, నరములు తిరిగి బాగుపడని దశ వరకు ఉపేక్షించుట కూడ హింసయే.

మా బంధువుల గుమాస్తా తిరిగి కొట్టుకు రాలేదు. క్షమించితినని మాత్రము చెప్పెను. రెండేండ్ల ముందే ఆ రక్తపరీక్ష జరిగియుండినచో క్షమాపణయే అవసరముండెడిది కాదు.

జై జినేంద్ర.