పై అంతస్తు, చివరి మూల
(వ్యాపార భవనాల స్ప్రింక్లర్లు: చేయవలసినవి, చేయకూడనివి)

"సార్, ఆ గాజుబుడ్డి ఒక్కటి పగిలితే బిల్డింగంతా కొట్టేస్తాయంట కదా? నా పట్టుచీరలేం గాను?"

ఫైర్ సిస్టమ్స్ డిజైన్ చేసే నన్ను షాపు యజమానులు మొట్టమొదట అడిగేది ఇదే. సినిమాల పుణ్యం. హీరో సిగరెట్ లైటర్ పైకెత్తగానే హాలంతా వాన కురుస్తుంది. నిజం అలా ఉండదు. మామూలు షాపుల్లో బిగించే ప్రతి స్ప్రింక్లర్ హెడ్‌లో పెన్సిల్ ముక్కంత గాజు బల్బు ఉంటుంది. దాన్ని దగ్గర నుంచి చూస్తే లోపల ఎర్రటి ద్రవం, అందులో ఆవగింజంత గాలిబుడగ కనిపిస్తాయి. వేడెక్కిన కొద్దీ ద్రవం ఉబ్బుతుంది, బుడగ నలిగి మాయమవుతుంది, 68 డిగ్రీల దగ్గర గాజు పగిలి నీళ్లు వదులుతుంది. పొగ వస్తే పగలదు, అలారం మోగినా పగలదు. మంట మీదున్న హెడ్ తెరుచుకుంటుంది, మంట పెద్దదైతే దాని చుట్టుపక్కలవి కొన్ని. మిగిలిన చీరలకు ఏమీ కాదు. ఈ సంగతి తెలియకే చాలామంది సిస్టమ్‌ను చూసి భయపడతారు, భయపడి వాల్వు కట్టేస్తారు. ఆ వాల్వు సంగతికి తర్వాత వస్తాను.

చేయవలసిన మొదటి పని: డిజైనరు దగ్గర పైపుల బొమ్మ ఒక్కటే తీసుకుని ఊరుకోకండి, లెక్క కాగితం కూడా అడగండి. పంపు నుంచి అన్నిటికంటే దూరంగా, ఎత్తుగా ఉన్న మూలలో ఎంత నీరు పడుతుందో అందులో ఉండాలి. పంపు పక్కనున్న హెడ్ ఎలాగూ బాగానే కొడుతుంది. సిస్టమ్ పనికొస్తుందో లేదో తేలేది పై అంతస్తు చివరి మూలలోనే.

షాపింగ్ కట్టడాలకు మన డిజైనర్లు వాడుతూ వస్తున్న లెక్క ఇలా ఉంటుంది. నిమిషానికి చదరపు మీటరుకు 5 లీటర్లు. అంటే నేల మీద నిమిషానికి 5 మిల్లీమీటర్ల వాన. ఒక్కో హెడ్ 12 చదరపు మీటర్లు తడపాలి కాబట్టి దానికి నిమిషానికి 60 లీటర్లు కావాలి. మన మార్కెట్లో దొరికే మామూలు హెడ్ కె-ఫ్యాక్టర్ 80. దాని ముందు 1 బార్ ఒత్తిడి ఉంటే 80 లీటర్లు వదులుతుంది. 60 రావాలంటే 0.56 బార్ చాలు. అయితే ఇది ఒక్క హెడ్ లెక్క. 360 చదరపు మీటర్ల మేర హెడ్‌లన్నీ తెరుచుకున్నా తట్టుకునేలా డిజైన్ చేస్తారు. అంటే 30 హెడ్‌లు, నిమిషానికి 1,800 లీటర్లు. గంటసేపు నడవాలంటే 1,08,000 లీటర్లు. ఇప్పుడు మీ సంపు ఎంతో గుర్తు చేసుకోండి. అపార్ట్‌మెంట్ సైజు పదివేల లీటర్ల సంపయితే ఆరు నిమిషాలు కూడా రాదు. అందులోంచే బాత్రూంలకు, ఏసీ కూలింగ్ టవర్‌కు లాగేస్తుంటే అదీ రాదు. ఫైర్ నీటిని వేరే గదిలో నిలవ చేయాలి. ఒకే సంపయితే మామూలు వాడకపు పైపును పై మట్టంలో పెట్టి, కింది నీటిని ఎవరూ ముట్టకుండా వదలాలి.

చేయకూడనిది: "డాబా మీద ట్యాంకుంది, నీళ్లు వాటంతటవే దిగుతాయి" అని పంపు మానుకోవడం. పది మీటర్ల ఎత్తు ఉంటేనే సుమారు ఒక బార్ వస్తుంది. ట్యాంకు కింద వెంటనే ఉన్న పై అంతస్తుకు మూడు మీటర్ల ఎత్తు కూడా ఉండదు, 0.3 బార్ వస్తే గొప్ప. పైపుల్లో రాపిడికి అందులోనూ కొంత పోతుంది. కింది అంతస్తుల్లో జోరుగా కొట్టే సిస్టమ్ పై అంతస్తులో కారుతుంది. డాబా మీద బూస్టర్ పంపు అడిగేది అందుకే.

ఇక గది లోపల ఏం పెడతారన్నది. డిజైనరును పిలిచినప్పుడు గది కొలతలతో పాటు సరుకు గురించి కూడా చెప్పండి. ఆఫీసు బల్లలకు వేసిన లెక్క బట్టల బేళ్లకు చాలదు. బట్టల లెక్క ప్లాస్టిక్ సామాన్ల గోడౌన్‌కు చాలదు. కట్టిన నాడు ఫైర్ శాఖ ఇచ్చిన ఎన్‌వోసీ గోడకు వేలాడుతూనే ఉంటుంది, కింద అద్దెకు దిగిన వ్యాపారం మాత్రం మారిపోతుంది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట లేచింది. పొగ పైనున్న గదుల్లోకి ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాసాల కింద నిలవ ఉన్న రసాయనాలు అంటుకుని కనీసం తొమ్మిది మంది పోయారు. కింద ఏముందో పైవాళ్లకు తెలియాలి, పంపు లెక్క వేసినవాడికి అంతకంటే ముందు తెలియాలి. అద్దె ఒప్పందంలో సరుకు రకం రాయించండి, మారితే మళ్లీ లెక్క వేయించండి. స్కూటర్ల బ్యాటరీల దగ్గర స్ప్రింక్లర్ మీద ఎక్కువ ఆశ కూడా పెట్టుకోకండి. అది పక్కవాటిని చల్లబరిచి మంట పాకకుండా ఆపుతుందేమో గానీ, బ్యాటరీ లోపల మొదలైన మంటను ఆర్పలేదు. ఛార్జింగ్ మెట్ల దారికి దూరంగా, వీలైతే ఆరుబయట పెట్టుకోండి.

హెడ్ ఎక్కడ కూర్చుంటుందన్న దాని మీద నాకూ ఇంటీరియర్ డిజైనర్లకూ ఎప్పుడూ గొడవే. ఈమధ్య మాదాపూర్, గచ్చిబౌలి వైపు కాఫీ షాపుల్లో, కో-వర్కింగ్ ఆఫీసుల్లో ఓపెన్ సీలింగ్ ఫ్యాషనైంది. ఫాల్స్ సీలింగ్ పీకేస్తారు, పైన స్లాబుకు నల్లరంగు కొడతారు. పాత ఫాల్స్ సీలింగ్ మట్టానికి దించిన స్ప్రింక్లర్లు మాత్రం అలాగే గాల్లో వేలాడుతుంటాయి, స్లాబుకు నాలుగడుగుల కింద. చూడ్డానికి బాగానే ఉంటుంది. వేడి మాత్రం పైకి పోయి స్లాబు కింద పరుచుకుంటుంది. దానికి నాలుగడుగుల కిందున్న బల్బుకు ఆ వేడి చాలా ఆలస్యంగా తగులుతుంది. మామూలు హెడ్‌ల డిఫ్లెక్టరు, అంటే నీటిని చల్లే పళ్లెం, పైకప్పుకు 25 నుంచి 300 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. సీలింగ్ తీసేస్తే పైపులు పైకి జరిపి, నిలువుగా పైకి చూసే అప్‌రైట్ హెడ్‌లు పెట్టించండి. కిందికి వేలాడే పాత పెండెంట్ హెడ్‌నే తిప్పి బిగించకండి. దాని పళ్లెం కిందికి చల్లడానికి చేసింది, తలకిందులు చేస్తే నీరు కావలసిన తీరున పడదు. అప్‌రైట్‌కు ఎస్ఎస్‌యూ, పెండెంట్‌కు ఎస్ఎస్‌పీ అని పళ్లెం మీదే చెక్కి ఉంటుంది. మేస్త్రీని నిచ్చెన మీదే ఆపి చదివించండి.

సీలింగ్ తీసేవాళ్లతో ఒక తంటా అయితే కొత్తగా వేసేవాళ్లతో ఇంకొకటి. స్లాబుకూ ఫాల్స్ సీలింగ్‌కూ మధ్య ఖాళీ 800 మిల్లీమీటర్లు దాటితే ఆ ఖాళీలోనూ స్ప్రింక్లర్లు కావాలి. వైర్లన్నీ అక్కడే ఉంటాయి కదా. మీటరు వెడల్పు దాటిన ఏసీ డక్టు అడ్డమొస్తే దాని కిందా ఒక వరుస పెట్టాలి. పైపో, దూలమో హెడ్‌కు దగ్గరగా ఉంటే నీటికి నీడ పడుతుంది. ఆరంగుళాల పైపుకు అడుగున్నర దూరం అన్నది నేను వాడే లెక్క, అడ్డంకి మందానికి మూడింతలు. ర్యాకుల పైవరుసకూ హెడ్‌కూ మధ్య కూడా కనీసం అడుగున్నర, అంటే 18 అంగుళాలు ఖాళీ వదలండి. దసరా, సంక్రాంతి స్టాకు దిగినప్పుడు మొదట పోయేది ఆ ఖాళీయే. గోడ మీద ఎర్రగీత గీయించి, దాని పైకి పెట్టె పెడితే దింపించండి.

భయం కొద్దీ హెడ్‌లు ఎక్కువ పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే. రెండు హెడ్‌ల మధ్య ఆరడుగుల కంటే తక్కువ ఉంటే, ముందు తెరుచుకున్నదాని తుంపర పక్కదాని బల్బును తడిపి చల్లబరుస్తుంది. మంట నెత్తి మీదికొచ్చినా అది తెరుచుకోదు.

బల్బు రంగు అలంకారం కోసం కాదు. నారింజ 57, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలం 141 డిగ్రీలు. ఆ చోట మామూలుగా ఉండే గరిష్ఠ వేడికి సుమారు 30 డిగ్రీలు కలిపి ఎంచుకోవాలి. ఏసీ షోరూంకు ఎరుపు సరిపోతుంది. రేకుల షెడ్డు గోడౌన్‌కు సరిపోదు. మే నెలలో విజయవాడలో గానీ రామగుండంలో గానీ రేకు కింద మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూడండి. అక్కడ 50 డిగ్రీలు అనుకుంటే 79 గానీ 93 గానీ కావాలి. హోటల్ వంటింట్లో తందూరు పక్కనా ఆకుపచ్చే. పొయ్యి మీది చిమ్నీకి మాత్రం నూనె మంటలను ఆర్పే వేరే సిస్టమ్ ఉంది. మరిగే నూనెలో నీళ్లు పడితే ఏమవుతుందో మన ఇళ్లలో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు.

కొన్ని చిన్నవి, కానీ రోజూ కళ్లబడేవి. హెడ్‌ల మీద రంగు కొట్టకండి. రంగు పడితే తుడవడం కుదరదు, మార్చాల్సిందే. కట్టేటప్పుడు తొడిగిన ప్లాస్టిక్ టోపీలు, పెయింటర్లు చుట్టిన టేపు తీయించాకే షాపు తెరవండి. రెండేళ్లుగా టోపీలతోనే ఉన్న అంతస్తుల్ని చూశాను. పైపులకు డ్రెస్సులు, బోర్డులు, దసరా తోరణాలు కట్టకండి. ఒకసారి విప్పిన హెడ్‌ను మళ్లీ బిగించకండి. విడి హెడ్‌లు, బిగించే స్పానరు పంపు గదిలో ఓ డబ్బాలో ఉంచండి. మూడు వందల లోపు హెడ్‌లున్న భవనానికి ఆరు చాలు. ఫైరింజను నీళ్లెక్కించే ఇన్‌లెట్ ముందు బైకులు పెట్టనివ్వకండి.

ఇక వాల్వు సంగతి. అమెరికాలో దీని మీద లెక్కలు తీస్తారు. మంటలొచ్చినా స్ప్రింక్లర్లు పనిచేయని చోట్ల సగానికి పైగా కారణం ఒకటే, ఎవరో సిస్టమ్‌ను ఆపేసి ఉండడం. అక్కడే ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అని 38 అంతస్తుల భవనం ఉండేది. 1991 ఫిబ్రవరి 23న 22వ అంతస్తులో మంట మొదలైంది. కరెంటు పోయింది, గొట్టాలకు నీళ్లందించే ఔట్‌లెట్ల దగ్గరి ప్రెషర్ వాల్వులు తప్పుగా అమర్చి ఉండడంతో ఫైర్‌మెన్‌కు చాలినంత ఒత్తిడి రాలేదు. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. మంట అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కుతూ 30వ అంతస్తుకు చేరి అక్కడ ఆగింది. ఆ అంతస్తులో స్ప్రింక్లర్లున్నాయి. తెరుచుకున్నవి పదంటే పదే.

మొదట్లో చీరల గురించి అడిగిన యజమాని ఉన్నాడు కదా, ఆయన షోరూంకు వెళ్లాను. నాలుగో అంతస్తు చివర, టాయిలెట్ పక్కన టెస్ట్ వాల్వు ఉంది. దాని మూతికి ఒక్క హెడ్‌కు ఉన్నంత రంధ్రమే ఉంటుంది. అంటే దాన్ని తెరిస్తే ఒక హెడ్ పగిలినట్టే. నీళ్లు టాయిలెట్ మోరీలోకి పోయేలా చూసుకుని తిప్పాను. మొదట నల్లటి, తుప్పు కంపు కొట్టే నీళ్లు జోరుగా వచ్చాయి. అర నిమిషానికి చిటికెన వేలంత ధారకు తగ్గాయి. నిమిషంన్నర లోపు గంట మోగాలి. మోగలేదు. పంపు గదిలోకి దిగితే పైపుల్లో ఒత్తిడి నిలబెట్టే చిన్న జాకీ పంపు, మెయిన్ పంపు రెండిటి స్విచ్చీలూ మాన్యువల్‌లో ఉన్నాయి. డీజిల్ పంపు బ్యాటరీకి ఒక వైరు ఊడి ఉంది.

"రాత్రుళ్లు జాకీ ఊరికే తిరుగుతుందన్నా, ఆపెయ్యమన్నారు" అన్నాడు వాచ్‌మన్.

ఊరికే తిరగదు. ఎక్కడో లీకుంది, ఒత్తిడి తగ్గినప్పుడల్లా నింపుతోంది. వెతకాల్సింది ఆ లీకును, నొక్కాల్సింది స్విచ్చీని కాదు. రెండు గంటలు తిరిగితే రెండో అంతస్తు ట్రయల్ రూం పైన ఒక జాయింటు కారుతూ దొరికింది. దాని కింద ఫాల్స్ సీలింగ్ మీద తట్టంత పసుపు మరక ఉంది. అందరూ ఏసీ నీళ్లనుకున్నారు.

పంపులు ఎప్పుడూ ఆటోలోనే ఉండాలి. మెయిన్ పంపు తనంతట తాను మొదలవ్వాలి, ఆపడం మాత్రం మనిషే ఆపాలి. వాల్వులు తెరిచి, గొలుసు వేసి తాళం పెట్టండి. మరమ్మతుకు మూసినప్పుడు మూసినవాడి పేరు, టైము పంపు గది బోర్డు మీద రాయించండి. డీజిల్ పంపును వారానికోసారి నడపండి.

ఈ వారం షాపు కట్టేసే ముందు ఒక పని చేయండి. ముందుగా సెక్యూరిటీకి చెప్పి, మీ భవనం పై అంతస్తు చివరికి వెళ్లి ఆ టెస్ట్ వాల్వు ఎక్కడుందో వెతకండి. దొరికితే నీళ్లు మోరీలోకి పోయేలా చూసుకుని, చేతిగడియారం చూస్తూ తిప్పండి. దొరక్కపోతే మీ సిస్టమ్ బిగించినవాణ్ణి పిలిచి అడగండి.