మహమ్మారి - టీకా : బొంబాయి జైలు లెక్క

2022 జనవరి 3 నుండి 15-18 ఏళ్ళ వారికి కరోనా టీకాలు మొదలైనప్పుడు హాస్టళ్ళలో వినిపించిన మాటలు మనకింకా గుర్తే. "జ్వరమొస్తుందట", "మా అమ్మ వద్దంది", "ముందు నువ్వు వేయించుకోరా, తర్వాత చూద్దాం". ఈ భయం మనతో మొదలైంది కాదు. అంతకు 125 ఏళ్ళ నాటి సంగతి ఒకటి చెప్పుకుందాం.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. జనం ఊరు వదిలి పారిపోయారు. హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త అక్కడి గ్రాంట్ మెడికల్ కాలేజీలో పనిచేస్తూ మూడు నెలల్లో టీకా తయారుచేశాడు. ప్లేగు బాక్టీరియాను పెంచి, వేడితో చంపి, దాన్నే మందుగా వాడాడు. చచ్చిన క్రిమి రోగం తేలేదు. కానీ దాన్ని చూసి మన ఒంట్లోని రక్షణ కణాలు శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటాయి. మన హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌ది కూడా ఇదే సూత్రం. కాకపోతే అందులో వైరస్‌ను రసాయనంతో చంపారు.

1897 జనవరి 10న మొదటి సూది హాఫ్‌కిన్ తానే వేయించుకున్నాడు. జ్వరం వచ్చి తగ్గింది. ఆ నెలాఖరుకే బైకల్లా జైలులో ప్లేగు పుట్టింది. అందరూ ఒకే కప్పు కింద పడుకునేవారు, ఒకే వంట తినేవారు. (జైలుతో పోల్చామని వార్డెన్ గారు కోప్పడకూడదు గానీ, మన డార్మిటరీ లాంటిదే!) ఇష్టపడిన ఖైదీలకే టీకా వేశారు. దాదాపు సగం మంది ముందుకొచ్చారు. తర్వాత లెక్క చూస్తే, వేయించుకోని వారిలో 12 మందికి ప్లేగు వచ్చింది, 6గురు చనిపోయారు. వేయించుకున్న వారిలో ఇద్దరికి వచ్చింది, ఎవరూ చనిపోలేదు. "టీకా వేసుకున్నా జబ్బు వచ్చింది కదా" అనేవారు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

అలాగని భయపడేవారిని వెక్కిరించడమూ సరికాదు. 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ఈ టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. 19 మందికీ మందు ఒకే సీసాలోది. నింద హాఫ్‌కిన్ మీద పడింది, ఉద్యోగం నుండి తప్పించారు. సీసా మూత తీసిన పనిముట్టు నేల మీద పడిందని, దాన్ని సరిగా శుభ్రం చేయకుండానే వాడారని తర్వాత తేలింది. 1907లో ఆయన పక్షాన నిలబడి పత్రికకు రాసినవారిలో రోనాల్డ్ రాస్ ఒకరు. మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రాస్ ఈయనే.

కనుక సూది వేసేటప్పుడు సీసా మీద గడువు తేదీ చూడమనడం, సిరంజి కొత్తదేనా అని అడగడం పిరికితనం కాదు. వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోవాలి. కళ్ళు తిరిగినా, ఒళ్ళు దద్దురులెక్కినా వెంటనే సిస్టర్‌కు చెప్పాలి.

అన్నట్టు, ముల్కోవాల్ వారిని చంపిన ధనుర్వాతానికి ఇప్పుడు టీకా ఉంది. టి.డి. పేరుతో 10 ఏళ్ళకు ఒకసారి, 16 ఏళ్ళకు ఒకసారి ఉచితంగా వేస్తారు. ఆ వయసు వచ్చిన తమ్ముళ్ళ పేర్లు మెస్ దగ్గర నోటీసుబోర్డులో రాసి పెడతాం. ఏ.ఎన్.ఎం. అక్క వచ్చిన రోజు బాత్‌రూముల వెనక దాక్కునే వీరులు ఎవరెవరో మాకు తెలుసు.