ఎండాకాలంలో గదిలో సైకిలు: కొన్ని అనుభవ పాఠాలు

బెజవాడలో ఏప్రిల్ సగం దాటిందంటే పొద్దున ఏడింటికే ఎండ చురుక్కుమంటుంది. రోహిణి కార్తె వెళ్ళి తొలకరి పడేదాకా సైకిలును మూలకి చేర్చేవాళ్ళే ఎక్కువ. పాతికేళ్ళ కుర్రాడు రెండు నెలలు మానేసినా జూన్‌లో మళ్ళీ అందుకుంటాడు. అరవై దాటినవాళ్ళకి పోయిన కాలిబలం అంత తేలిగ్గా తిరిగి రాదు. అందుకే సైకిలును ట్రైనరు అనే స్టాండుకు బిగించి, ఎదురుగా తెర మీద సాగే దారుల్లో తొక్కే పద్ధతిని నేను మనసారా సమర్థిస్తాను. మా క్లబ్బులో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి, ముఖ్యంగా నా ఈడువాళ్ళకి, చెప్పాల్సినవి ఇవి.

1. ఎండ తప్పుతుంది, వేడి తప్పదు.

ముందు ఇది బుర్రకెక్కాలి. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతుకు మించి పెడల్‌కు చేరదు. మిగతాదంతా వేడే. పెడల్ మీద 100 వాట్లు పెడితే ఒంట్లో 300 వాట్ల పైచిలుకు వేడి పుడుతుంది. నాలుగు పాత సీలింగ్ ఫ్యాన్లు తాగే కరెంటంత అన్నమాట. రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలి ఆ వేడిని లాక్కుపోతుంది. గదిలో మనిషీ కదలడు, గాలీ కదలదు. చెమట కారి నేల మీద పడితే ఒళ్ళు చల్లబడదు, అది ఒంటి మీదే ఆరాలి. మన కోస్తా ఉక్కపోతలో ఆరాలంటే గాలి గట్టిగా తగలాలి. కాబట్టి ట్రైనరు కొనే డబ్బులోనే మంచి పెడస్టల్ ఫ్యానుకీ తీసిపెట్టండి. ఛాతీకి సూటిగా తగిలేలా పెట్టండి. ఏసీ గదిలోనైనా ఫ్యాను ఉండాల్సిందే. కూలరు సంగతి ఊరిని బట్టి: కర్నూలు, నిజామాబాద్ పొడి ఎండల్లో కిటికీ తెరిచి పెడితే హాయిగా ఉంటుంది. బందరులో తలుపులేసి పెడితే గదిలో తేమ పెరగడమే మిగులుతుంది.

2. గదిలోనైనా తెల్లవారుజామే మేలు.

పగలంతా ఎండకు కాగిన పై అంతస్తు స్లాబు పొద్దుగూకాక కూడా చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది. ఇంట్లోనే కదా అని సాయంత్రం ఆరింటికి ఎక్కితే ఊరికే అలసిపోతారు. తెల్లారి అయిదింటికి కిటికీలన్నీ తెరిచి మొదలుపెట్టండి. ఆ వేళ కింది ఫ్లాటువాళ్ళ నిద్ర పాడవకుండా ట్రైనరు కింద మందపాటి రబ్బరు చాప వెయ్యండి.

3. తెర మీద వాట్లకన్నా మీ నాడిని నమ్మండి.

వేసవిలో అరగంట గడిచేసరికి అవే వాట్లకు గుండె ఇంకా వేగంగా కొట్టుకోవడం మొదలవుతుంది. నెత్తురు కాళ్ళకే కాక, వేడి దింపుకోవడానికి చర్మానికీ పోవాలి. పైగా చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంటుంది. అప్పుడు వాట్ల అంకెను పట్టుకుని వేలాడకండి, తగ్గించండి. పక్కవాడితో ఒక వాక్యం ఆయాసం లేకుండా పూర్తి చెయ్యగలిగినంత వేగం మా వయసుకు చాలు. బీపీ మాత్రల్లో కొన్ని నాడిని పెరగనివ్వవు, కొన్ని ఒంట్లో నీటిని బయటికి తోడేస్తాయి. అవి వేసుకునేవాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడాలి. తల తిరిగినా, వికారం పుట్టినా, ఉక్కలో ఉన్నట్టుండి ఒళ్ళు జలదరించినా వెంటనే దిగి ఫ్యాను కింద కూర్చోండి. ఇక ఆ పూటకి తొక్కొద్దు.

4. ఎక్కే ముందు, దిగాక బరువు చూసుకోండి.

ఒక కిలో తగ్గితే అది కొవ్వు కాదు, దాదాపు లీటరు చెమట. అలా రెండు మూడు సార్లు చూస్తే గంటకు మీ ఒంట్లోంచి ఎంత నీరు పోతోందో తెలిసిపోతుంది. ఉప్పేసిన పల్చటి మజ్జిగ మాకు బాగా పడుతుంది. ఓఆర్ఎస్ అయితే పొట్లం మీద చెప్పినన్ని నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసుకు చిటికెడు చొప్పున కాదు. బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఉప్పు విషయంలో సొంత వైద్యం చెయ్యకూడదు.

5. కృష్ణా డెల్టా మనిషికి ఇంట్లోనే కొండ దొరుకుతుంది.

బెజవాడ నుంచి అవనిగడ్డ దాకా పోయినా ఎక్కడా చెప్పుకోదగ్గ ఎత్తు లేదు. అరకు ఘాటో శ్రీశైలం ఘాటో ఎక్కాలంటే దూరం పోవాలి. టూర్ డి ఫ్రాన్స్‌లో పేరుపడ్డ ఆల్ప్ దుయెజ్ కొండదారిని జ్విఫ్ట్ అనే యాప్‌వాళ్ళు 21 మలుపులతో సహా తెర మీదికి తెచ్చారు. 12 కిలోమీటర్ల దారి, వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుడు. వాలు పెరిగిన కొద్దీ ట్రైనరు బిగుస్తుంది, చిన్న గేరుకు దిగక తప్పదు. తొందరపడకుండా గంటల తరబడి ఒకే లయలో తొక్కడం నేను అక్కడే నేర్చుకున్నాను. ఇదంతా వీడియో గేమ్ అనేవాళ్ళకో మాట: ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2020 డిసెంబర్‌లో దీనికి మొదటి ప్రపంచ పోటీ పెట్టింది. మగవాళ్ళలో గెలిచిన జేసన్ ఆస్బోర్న్ అప్పటికి పడవ పోటీల ఆటగాడు. తర్వాత రోడ్డు మీది ప్రొఫెషనల్ జట్టులో చేరాడు. జ్విఫ్ట్‌కు నెలనెలా డబ్బు కట్టాలి. అలాంటిదే అయిన అబుదాబి వాళ్ళ మైవూష్ ఉచితం.

6. తోడు వెతుక్కోండి.

నాకు ఇన్నిటిలోకీ ఇష్టమైనది ఇది. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మాకు శనివారం పొద్దున అయిదున్నర అయినప్పుడు వాడికి శుక్రవారం సాయంత్రం ఏడు. వాడి కాళ్ళ బలం నాకు రెండింతలు, రోడ్డు మీదైతే రెండు నిమిషాల్లో కనుమరుగైపోతాడు. ఎవరెంత తొక్కినా గుంపు విడిపోకుండా ఉంచే ఏర్పాటు జ్విఫ్ట్‌లో ఉంది, దాంతో మా ఇద్దరి బొమ్మలూ పక్కపక్కనే పోతాయి. "నాన్నా, నీళ్ళు తాగావా?" అని వాడు, "ఆఫీసులో ఏమైందిరా?" అని నేను. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేసే కబుర్లు ఇక్కడ గంటసేపు సాగుతాయి. పిల్లలు దూరాన ఉన్న తల్లిదండ్రులందరికీ దీన్ని చెబుతూ ఉంటాను.

7. కరెంటు పోతే దిగిపోండి. ఫ్యాను ఆగిందంటే వ్యాయామం ఆగినట్టే. ఫ్యానుకు ఇన్వర్టర్ లైను ఉంటే మరీ మంచిది.

8. చెమట సైకిలును తినేస్తుంది.

ఉప్పు నీళ్ళు ధారగా పడేది హ్యాండిల్ దగ్గరి బోల్టుల మీదే. అవి లోపల్లోపలే తుప్పు పడతాయి. పైన తువ్వాలు కప్పండి, దిగగానే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. రోడ్డు మీద గుంతలొస్తే సీటు మీంచి లేస్తాం, ఇక్కడ ఆ అవసరం రాదు కాబట్టి ఒరుసుకుపోయి పుళ్ళు పడతాయి. పది నిమిషాలకోసారి లేచి నిలబడి తొక్కండి.

9. తొలకరికి బయటికి వెళ్ళేటప్పుడు మళ్ళీ మొదటి మెట్టు నుంచి.

ట్రైనరు కాళ్ళనీ ఊపిరినీ నిలబెడుతుంది. బ్రేకు పట్టడం, గుంత తప్పించడం, ఆటో పక్కనుంచి దూసుకొస్తే బెదరకపోవడం మాత్రం నేర్పదు. చల్లటి గదిలో తొక్కినవాడి ఒంటికి బయటి వేడి అలవాటవ్వడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. గదిలో బాగా తొక్కాను గదా అని నేరుగా 200 కిలోమీటర్ల బ్రెవే అనే దూరపు సవారీకి పేరివ్వకండి. తొలి వానకి రోడ్డు మీది నూనె పైకి తేలి జారుతుంది. మొదటి వారం ఇంటి చుట్టుపక్కలే తిరగండి. బయల్దేరే ముందు బ్రేకు షూలు, టైరు పక్కల పగుళ్ళు, హ్యాండిల్ బోల్టులు మెకానిక్‌కు చూపించండి.